చేతికొచ్చిన ఇంజినీరింగ్ సీటు వదులుకుని ఉపాధ్యాయ శిక్షణలో చేరడం ఎలా?

ఏటా మన డెల్టాలో సార్వా నాట్లు పడే రోజుల్లోనే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ కూడా సాగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమలాపురం, పాలకొల్లు, భీమవరం, మండపేట వైపు విద్యార్థులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "మంచి కాలేజీలో సీటు వచ్చిందండీ, కానీ నాకు పిల్లలకు చదువు చెప్పాలని ఉంది. సీటు వదులుకోవచ్చా? వదులుకోవాలంటే ఏం చేయాలి?" వదులుకోవచ్చా అన్న ప్రశ్నకు మీ బదులు మరొకరు జవాబు చెప్పలేరు. ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పినవాళ్లే ఏడాది కాలాన్నో, కట్టిన డబ్బునో, ఇంట్లోవాళ్ల నమ్మకాన్నో పోగొట్టుకుంటున్నారు.

నేను 2002లో ఇంజినీరింగ్ సీటు వదిలి బొమ్మూరులోని ప్రభుత్వ జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో, అంటే డైట్‌లో చేరాను. 2006 డీఎస్సీలో (ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామక పరీక్ష) ఎంపికయ్యాను. ఇప్పటికీ కోనసీమలోని ప్రభుత్వ పాఠశాలల్లోనే పనిచేస్తున్నాను. నిర్ణయం విషయంలో నాకు ఏనాడూ విచారం కలగలేదు కానీ, దాన్ని అమలు చేసిన తీరు మాత్రం తప్పే. ఆ తప్పులు మీరు చేయకూడదనే ఈ వరుస రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట గుర్తుంచుకోండి: సీటు వదలడం ఈ వరుసలో దాదాపు చివరి పని.

కావలసినవి

పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, ఇంటర్ కాలేజీ ఇచ్చిన టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు, సీటు కేటాయింపు పత్రం, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. వీటన్నిటికీ మూడేసి నకళ్లు తీయించి, ఫోనులో ఫోటోలు కూడా ఉంచుకోండి. వీటితో పాటు ఒక వంద పేజీల నోటు పుస్తకం, కనీసం పది రోజుల సమయం, మీ ఊరి బడి ప్రధానోపాధ్యాయుల అనుమతి కావాలి. ఈ చివరి మూడే అన్నిటికన్నా ముఖ్యమైనవి, అందరూ వదిలేసేవి కూడా ఇవే.

1. పది రోజులు తరగతిలో నిలబడండి

చదువు చెప్పడం ఇష్టమని అనుకోవడం వేరు, చెప్పిన పాఠం అర్థంకాని పిల్లవాడి ఎదుట మూడోసారి కూర్చోవడం వేరు. మీ ఊరి మండల పరిషత్ పాఠశాలకు వెళ్లి, మాస్టారుకు లేదా టీచరుగారికి విషయం దాచకుండా చెప్పి, రోజుకు గంటసేపు వెనుకబడిన నలుగురైదుగురు పిల్లలతో కూర్చోవడానికి అనుమతి అడగండి. అక్కడ కుదరకపోతే సాయంత్రం మీ వీధి అరుగు మీదే వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ట్యూషన్ డబ్బులు మాత్రం తీసుకోవద్దు. డబ్బు తీసుకుంటే మార్కులు తెప్పించాలన్న తొందర వస్తుంది, అప్పుడు మీకు తెలియవలసిన సంగతి తెలియదు.

తెలియవలసిన సంగతి ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. నాలుగో తరగతి పాప ఒకతె 402 నుంచి 178 తీసివేసి 376 అని రాసింది. తప్పు అని కొట్టివేసి 224 అని పక్కన రాయడం అర నిమిషం పని. కానీ ఆ 376 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. సున్నాలోంచి ఏడు పోదు కనుక ఏడులోంచే సున్నా తీసింది, రెండులోంచి ఎనిమిది పోదు కనుక ఎనిమిదిలోంచే రెండు తీసింది. పాప లెక్క తప్పుగా ఉన్నా, అందులో ఒక పద్ధతి ఉంది. ఆ పాప వాళ్లది చిల్లర కొట్టు. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి, "నూట డెబ్బై ఎనిమిది రూపాయలు నాకియ్యి" అన్నాను. ఒక వంద నోటును పది పది రూపాయల నోట్లుగా, అందులో ఒక పది నోటును పది బిళ్లలుగా తనే మార్చుకుంది. "ఇప్పుడు మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు ఉన్నాయండీ" అంది. ఆ తర్వాత పలక మీద సున్నా పక్కన వేసే చిన్న గీత ఎందుకో ఆ పాపకు నేను చెప్పవలసిన అవసరం రాలేదు.

మీ నోటు పుస్తకంలో రోజూ మూడు విషయాలు రాయండి: ఈరోజు ఏం చెప్పాను, ఎవరికి ఎక్కడ ఆగిపోయింది, రేపు ఏం మార్చి చెప్పాలి. పదో రోజున ఆ పుస్తకం తిరగేయండి. రెండో వరుసలో పిల్లల పేర్లు, వాళ్లు ఆగిపోయిన చోట్లు స్పష్టంగా నిండి ఉంటే ఈ పని మీకు పడుతుంది. ఆ చోట "పిల్లలు వినలేదు", "అల్లరి చేశారు" అన్న మాటలే ఎక్కువగా ఉంటే మరో పది రోజులు చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఇంజినీరింగ్‌లో చేరిపోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

జాగ్రత్త: హాస్టల్ అంటే భయం, ఇంటర్‌లో రెండేళ్లు ఎంపీసీ చదివి విసిగిపోవడం, సొంత ఊళ్లో ఉండవచ్చన్న ఆశ, వేసవి సెలవులు. ఈ నాలుగూ ఉపాధ్యాయ వృత్తికి కారణాలు కావు. వీటిలో ఏదైనా మీ మనసులో మొదటి కారణంగా ఉంటే పది రోజుల్లోనే బయటపడుతుంది.

2. ఏ తరగతి పిల్లలకు చెప్పాలో తేల్చుకుని దారి ఎంచుకోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఏ శిక్షణ అయినా ఒకటే అనుకుని, ముందు దొరికినదాంట్లో చేరిపోతారు. ఏ కోర్సు చదివితే ఏ తరగతులకు అర్హత వస్తుందో చట్టం విడివిడిగా చెప్పింది.

ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పాలనుకుంటే ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎల్‌ఎడ్ చేయాలి. మనం ఇప్పటికీ డీఎడ్ అనే పిలుస్తాం. దీనికి డీసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 45 శాతం మార్కులు ఉండాలి. ప్రభుత్వ డైట్‌లలో ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాకు బొమ్మూరులోనూ, ఉమ్మడి పశ్చిమగోదావరి జిల్లాకు దూబచర్లలోనూ ఒక్కొక్కటి ఉన్నాయి. ఈ దారిన వెళ్తే మీరు పోటీపడే ఉద్యోగం సెకండరీ గ్రేడ్ టీచర్, అంటే ఎస్‌జీటీ.

ఉన్నత పాఠశాలలో ఒక సబ్జెక్టు చెప్పాలనుకుంటే ముందు డిగ్రీ, ఆ తర్వాత ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఎడ్ చేయాలి. ఈ దారిన వచ్చేది స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ బీఎడ్ కళాశాల ఉంది. పాతవాళ్లు దాన్ని ట్రైనింగ్ కాలేజీ అంటారు. బీఎడ్ చేస్తే ఎస్‌జీటీకి కూడా పనికొస్తుందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట నమ్మవద్దు. ఒకటి నుంచి ఐదు తరగతుల బోధనకు బీఎడ్ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పింది. చిన్నపిల్లలకే చెప్పాలన్నది మీ కోరిక అయితే డీఎల్‌ఎడ్ తప్పదు.

డిగ్రీ దారిలో మరో గొయ్యి ఉంది. 2023–24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలో ఒకే మేజర్ సబ్జెక్టు విధానం వచ్చింది. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు సంబంధిత సబ్జెక్టు డిగ్రీలోనూ, దాని బోధనా పద్ధతి (మెథడాలజీ) బీఎడ్‌లోనూ ఉండాలి. లెక్కలు చెప్పాలని ఉండి, కంప్యూటర్స్ మేజర్ తీసుకుని, బీఎడ్ నాటికి దారి మూసుకుపోయిందని బాధపడేవాళ్లు నాకు తెలుసు. మేజర్ ఎంచుకునే ముందు 2025 మెగా డీఎస్సీ నోటిఫికేషన్‌లోని అర్హతల పట్టిక తీసి మీ సబ్జెక్టు ఎదురుగా ఏం రాసి ఉందో ఒకసారి చదవండి.

మూడో దారి నాలుగేళ్ల సమగ్ర ఉపాధ్యాయ విద్య కోర్సు. దీన్ని ఐటెప్ అంటున్నారు. డిగ్రీ, బీఎడ్ కలిసి ఉంటాయి కనుక ఒక ఏడాది మిగులుతుంది. దీనికి జాతీయ పరీక్షల సంస్థ నిర్వహించే ఎన్‌సెట్ రాయాలి. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ, వరంగల్ నిట్, తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ కోర్సు ఉంది. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి దీన్నే కనీస అర్హతగా చేయాలని చెప్పింది కనుక, ముందుచూపు ఉన్నవాళ్లకు ఇదే మేలైన దారి అని నా అభిప్రాయం. చిక్కల్లా దరఖాస్తు సమయంలోనే ఉంది. ఇంజినీరింగ్ సీటు చేతికొచ్చి మనసు మారే నాటికి ఆ పరీక్ష గడువు దాటిపోయి ఉంటుంది. అలాంటప్పుడు ఈ ఏడాది మరో దారిలో చేరడమా, ఒక ఏడాది ఆగడమా అన్నది మీరు విడిగా తేల్చుకోవాలి.

ప్రత్యామ్నాయం: ఇంట్లో ఎంత చెప్పినా ఒప్పుకోకపోతే, లేదా మీకే సందేహం తీరకపోతే బీటెక్ పూర్తిచేసి బీఎడ్ చేసే వీలు కూడా ఉంది. గణితం, విజ్ఞాన శాస్త్రాలు ప్రధానంగా చదివిన ఇంజినీరింగ్ పట్టభద్రులను 55 శాతం మార్కులతో బీఎడ్‌కు తీసుకోవచ్చని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల్లో ఉంది. బీఎడ్‌లో చేరే అర్హత ఉన్నంతమాత్రాన ప్రతి ఉపాధ్యాయ పోస్టుకూ అర్హత ఉన్నట్టు కాదు. పోస్టు అర్హతలు నోటిఫికేషన్‌లో వేరే చూసుకోవాలి.

3. డబ్బు లెక్క, కాలం లెక్క కాగితం మీద వేయండి

నాన్నగారు అడిగే మొదటి ప్రశ్న ఇదే కనుక ముందే సిద్ధం కండి. ఒక కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి ఒకవైపు ఇంజినీరింగ్, మరోవైపు మీరు ఎంచుకున్న దారి రాయండి. చదువుకు ఎన్నేళ్లు, ఫీజు ఎంత, హాస్టల్ ఖర్చెంత, సంపాదన ఎప్పుడు మొదలవుతుంది అన్నవి రెండువైపులా నింపండి.

ఇక్కడ మీకు మీరే అబద్ధం చెప్పుకోకూడదు. ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాలు ఏటా జరగవు. 2018 డీఎస్సీ తర్వాత 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చి రద్దయింది, ఆపైన 2025లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ జరిగింది. అంటే శిక్షణ పూర్తిచేసి ఏడేళ్లు ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. ఆ కాలంలో ప్రైవేటు బడుల్లో చాలా తక్కువ జీతానికి, కొన్ని చోట్ల వేసవి నెలల జీతం కూడా లేకుండా పనిచేశారు. మీ కాగితం మీద "ఎదురుచూపు" అని ఒక గడి పెట్టి అందులో కనీసం ఐదేళ్లు రాయండి. ఆ ఐదేళ్లూ ఇంటి మీద ఆధారపడకుండా ఎలా గడుస్తుందో పక్కన రాయండి.

ఉద్యోగం వచ్చాక ఎస్‌జీటీ మూలవేతనం 2022 వేతన సవరణ ప్రకారం 32,670 రూపాయలతోనూ, స్కూల్ అసిస్టెంట్‌కు 44,570 రూపాయలతోనూ మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె అలవెన్సు అదనం. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి పాత పెన్షను లేదు, జీతంలోంచి చందా కట్టే సీపీఎస్ పథకం వర్తిస్తుంది. ఇది కూడా రాయండి. పెద్దవాళ్లు "టీచరు ఉద్యోగమైతే పెన్షను ఉంటుంది" అన్న పాత లెక్కతో ఒప్పుకుని, తర్వాత అసలు సంగతి తెలిసి నొచ్చుకోకూడదు.

అర్హత పరీక్ష టెట్‌ను కూడా లెక్కలో వేసుకోండి. 150 మార్కుల ఈ పరీక్షలో ఓసీలకు 60, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం రావాలి. డీఎస్సీ తుది జాబితాలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కనుక గట్టెక్కితే చాలనుకోవద్దు.

4. ఇంట్లో చెప్పండి

ఇక్కడ నా తప్పు చెప్పక తప్పదు. సీటు వచ్చిందని తెలిసిన రోజున మా నాన్నగారు కొబ్బరి వ్యాపారి దగ్గరికి వెళ్లి, రాబోయే రెండు దింపుల డబ్బు ముందుగానే తెచ్చి నా ఫీజు కట్టారు. నాకు అప్పటికే మనసులో వేరే ఉంది. ఆయన సంబరం చూసి నోరు పెగల్లేదు. వారం తర్వాత, అదీ మేనమామ గారి చేత చెప్పించాను. నాన్నగారికి కోపం వచ్చింది సీటు వదిలినందుకు కాదు. "డబ్బు తేకముందే ఒక్క మాట చెబితే ఆ వ్యాపారి ముందు చేయి చాచేవాణ్ణి కాదు కదరా" అన్నారు. ఆ రెండు దింపులూ ఆ వ్యాపారి చెప్పిన ధరకే పోయాయి.

కనుక మీరు ఫీజు కట్టకముందే చెప్పండి. మీ నోటితోనే చెప్పండి. చుట్టాలు వచ్చిన రోజున, పెళ్లిలోనో నోములోనో, నలుగురి ముందు చెప్పవద్దు. నలుగురి ముందు అడిగితే పెద్దవాళ్లు పరువు కోసం జవాబు చెబుతారు. రాత్రి భోజనాలయ్యాక అమ్మ, నాన్న ఇద్దరూ ఉన్నప్పుడు, పది రోజుల నోటు పుస్తకమూ రెండు మడతల కాగితమూ ముందు పెట్టి మొదలుపెట్టండి. "ఇంజినీరింగ్ వద్దు" అని కాకుండా "నేను ఫలానా తరగతి పిల్లలకు చెప్పాలనుకుంటున్నాను, దానికి దారి ఇది, ఇన్నేళ్లు పడుతుంది, ఇంత ఖర్చవుతుంది, గడువు ఫలానా తేదీ" అని చెప్పండి. ఆ రోజే ఔననో కాదనో తేల్చమని పట్టుబట్టవద్దు. మూడు నాలుగు రోజులు సమయం ఇవ్వండి. వాళ్లు మీ ఊరి మాస్టారును అడుగుతామంటే సంతోషంగా అడగనివ్వండి. మీరు పది రోజులు ఎలా పనిచేశారో ఆయన చూశారు కనుక ఆయన మాటకు బరువుంటుంది.

మన ప్రాంతంలో ఆడపిల్ల ఈ మాట అంటే "ఆడపిల్లకు టీచరు ఉద్యోగమే మంచిది" అని వెంటనే ఒప్పుకుంటారు. మగపిల్లవాడు అంటే "ర్యాంకు తెచ్చుకుని బడిపంతులవుతావా" అని నొచ్చుకుంటారు. రెండు జవాబులూ మీ గురించి ఆలోచించి ఇచ్చినవి కావు. అమ్మాయిలకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఏమిటంటే, ఇంట్లో తేలిగ్గా ఒప్పుకున్నారు కదా అని మొదటి మెట్టు, మూడో మెట్టు దాటేయవద్దు. ఆ ఒప్పుకోలు వెనుక త్వరగా పెళ్లి చేయవచ్చన్న ఆలోచన ఉంటే, శిక్షణ, టెట్, డీఎస్సీ సన్నాహం పూర్తిచేయనిస్తామన్న మాట కూడా అప్పుడే తీసుకోండి.

5. రెండో సీటు ఖాయం చేసుకోండి

డీసెట్ దరఖాస్తు గడువు, పరీక్ష తేదీ, కౌన్సెలింగ్ తేదీలు ఒక వరుసలో, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ తేదీలు పక్క వరుసలో రాసుకోండి. సందేహం ఉన్న దశలోనే డీసెట్‌కు దరఖాస్తు చేసేయండి. దరఖాస్తు చేసినంత మాత్రాన ఇంజినీరింగ్ సీటుకు ఏ ఇబ్బందీ రాదు. డిగ్రీ దారి ఎంచుకున్నవాళ్లు డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల రిజిస్ట్రేషన్ చేసుకోవాలి.

జాగ్రత్త: ప్రైవేటు డీఎల్‌ఎడ్, బీఎడ్ కళాశాలల్లో చేరుతున్నట్లయితే ఆ కళాశాలకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఆ ఏడాదికి ఉందో లేదో చూడండి. "రానక్కరలేదు, పరీక్షలకు వస్తే చాలు" అని చెప్పే కళాశాలలో ఎట్టి పరిస్థితుల్లోనూ చేరవద్దు. మీరు పెద్ద సీటు వదులుకుని వస్తున్నది నేర్చుకోవడానికి. రెండేళ్లు ఇంట్లో కూర్చుని తెచ్చుకున్న పట్టాతో తరగతిలోకి వెళ్తే ఆ నష్టం మీ ఒక్కరితో ఆగదు.

6. ఇంజినీరింగ్ సీటు వదలండి

మీరు ఏ దశలో ఉన్నారన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

సీటు కేటాయింపు జరిగింది, కానీ ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్, కాలేజీలో రిపోర్టింగ్ ఇంకా చేయలేదు అనుకుందాం. ఇది అన్నిటికన్నా తేలిక. గడువులోగా రిపోర్టు చేయకపోతే ఆ కేటాయింపు రద్దవుతుంది, సీటు తర్వాతి విద్యార్థికి వెళ్తుంది.

ఐఐటీ, నిట్ సీటు వాటి ఉమ్మడి కౌన్సెలింగ్ జోసా ద్వారా వచ్చి ఉంటే చివరి రౌండు రాకముందే, వారు ప్రకటించిన గడువులోగా ఆన్‌లైన్‌లో ఉపసంహరణ చేసుకోవాలి. గడువు దాటితే సీటు అంగీకార రుసుము చిక్కుల్లో పడుతుంది. ఒకసారి ఐఐటీలో చేరినవారికి మళ్లీ జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే అర్హత ఉండదని కూడా గుర్తుంచుకోండి.

కాలేజీలో చేరి ఫీజు కట్టి, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసి ఉంటే రాతపూర్వకంగా నడవాలి. నోటి మాటతో తిరగవద్దు. ఇలా రాయండి:

"ప్రిన్సిపాల్ గారికి, నమస్కారములు. నేను ఈ విద్యా సంవత్సరంలో మీ కళాశాలలో (బ్రాంచి పేరు) మొదటి సంవత్సరంలో (తేదీ) నాడు చేరాను. ఉపాధ్యాయ శిక్షణ కోర్సులో చేరుతున్నందున నా ప్రవేశాన్ని రద్దు చేసుకుంటున్నాను. నేను కట్టిన ఫీజును నిబంధనల ప్రకారం తిరిగి ఇప్పించవలసిందిగానూ, జతపరచిన జాబితాలోని ఒరిజినల్ సర్టిఫికెట్లను, టీసీని ఇప్పించవలసిందిగానూ కోరుతున్నాను. రసీదుల నకళ్లు, బ్యాంకు ఖాతా వివరాలు జతచేశాను."

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర వేయబోమని వాళ్లంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి తపాలా రసీదు దాచండి. తర్వాత తగాదా వస్తే మీరు ఏ తేదీన వదిలారన్నది తేల్చేది ఆ ముద్రే.

తిరిగి రావలసిన డబ్బు గురించి నిబంధనలు మీకు తెలిసి ఉండాలి. తరగతులు మొదలవకముందే వదిలితే 1,000 రూపాయలు మించకుండా మినహాయించుకుని మిగతాది తిరిగి ఇవ్వాలని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన. వదిలినవారి నుంచి రాబోయే సంవత్సరాల ఫీజు అడగకూడదు. విశ్వవిద్యాలయాలకు, వాటి పరిధిలోని కళాశాలలకు యూజీసీ 2018లో ఒక పట్టిక ఇచ్చింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులో అంతకన్నా ముందో వదిలితే 100 శాతం, ఆ తర్వాత చివరి తేదీలోగా 90, చివరి తేదీ దాటిన 15 రోజుల్లో 80, 30 రోజుల్లో 50 శాతం తిరిగి వస్తుంది. 30 రోజులు దాటితే ఏమీ రాదు. నిర్ణయం అయ్యాక "వచ్చే వారం వెళ్దాం" అనుకున్న ఒక్క వారమే ఎన్నో వేల రూపాయలు పోవడానికి కారణమవుతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లను ఏ కళాశాలా ఆపి ఉంచుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ స్పష్టంగా చెప్పాయి. నా రోజుల్లో ఒక కళాశాల నాలుగేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటే, గోదావరి దాటి పదకొండుసార్లు తిరిగాను. చేతిలో రాతపూర్వక దరఖాస్తు ఒక్కటీ లేకపోవడమే నా బలహీనత. మీకు ఇలాంటిది ఎదురైతే అరవకుండా, ముద్ర వేసిన ప్రతి నకలుతో అనుబంధ విశ్వవిద్యాలయానికి, ఏఐసీటీఈ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ఫిర్యాదు రాస్తున్నామని మర్యాదగా చెప్పగానే చాలా చోట్ల పని అయిపోతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చేరినవాళ్లు మరో పని చేయాలి. ప్రవేశం రద్దయినట్టు ఆ పథకం ఆన్‌లైన్ నమోదులో కూడా మార్పించుకుని, దాని ప్రింటు తీసుకోండి. పాత కాలేజీలో మీ పేరు అలాగే ఉంటే కొత్త కోర్సుకు దరఖాస్తు చేసినప్పుడు ఇబ్బంది వస్తుంది.

ఈ మెట్టు గురించి పిల్లలు నన్ను అడగనిది ఒకటి ఉంది, నేనే చెబుతాను. వదలాలని తేల్చుకున్నాక ఆలస్యం చేయకండి. మీ వెనుక ర్యాంకులో ఆ బ్రాంచి కోసం ఎదురుచూస్తున్న మరో విద్యార్థి ఉంటాడు. తదుపరి కౌన్సెలింగ్ లోపు మీరు వదిలితే ఆ సీటు వాడికి అందుతుంది. ఆ తర్వాత వదిలితే అది ఖాళీగానే మిగిలిపోవచ్చు.

7. పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోండి

కాగితాల విషయంలో పరీక్ష సులభం. ఒరిజినల్స్ అన్నీ మీ చేతిలో ఉండి, పాత కాలేజీ టీసీ వచ్చి, డబ్బు ఖాతాలో పడి, కొత్త కళాశాల ప్రవేశ జాబితాలో మీ పేరు, హాల్‌టికెట్ నంబరు, రిజర్వేషన్ వర్గం తప్పుల్లేకుండా ఉంటే ఆ పని పూర్తయినట్టు. ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించుకోండి. డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనలో ఆ అక్షరమే అడ్డొస్తుంది.

మీ విషయంలో పరీక్షకు మూడు నెలలు పడుతుంది. బొమ్మూరులోనైనా దూబచర్లలోనైనా శిక్షణలో భాగంగా మిమ్మల్ని బడులకు పంపుతారు. మొదటి పది రోజుల్లో రాసిన నోటు పుస్తకాన్ని అక్కడా కొనసాగించండి. మొదట్లో ఇంజినీరింగ్‌లో చేరిన స్నేహితుల ఫోటోలు చూసి మనసు కుంగడం సహజం, నాకూ దసరా సెలవులదాకా అలాగే ఉంది. అది తప్పు నిర్ణయానికి గుర్తు కాదు. కానీ మూడో నెలకు కూడా పాఠం తయారుచేయడం భారంగానే ఉండి, బడికి పంపిన రోజుల్లో గంట ఎప్పుడు కొడతారా అని చూస్తున్నట్లయితే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. శిక్షణ ఇచ్చే లెక్చరర్లలో మీకు చనువున్న ఒకరితో నోటు పుస్తకం చూపించి మాట్లాడండి.

అప్పటికీ ఇది మీది కాదని తేలితే వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఇంటర్ మార్కులతో మరుసటి ఏడాది ఈఏపీసెట్ మళ్లీ రాయవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు మాత్రం వరుసగా రెండేళ్లలో రెండు అవకాశాలే. అందుకే డైట్‌లో చేరాక కూడా ఇంటర్ లెక్కలు, భౌతిక శాస్త్రం పుస్తకాలు ఆ ఏడాది ఎవరికీ ఇచ్చేయవద్దు. వెనక్కి వెళ్లాలని తేల్చుకుంటే ఈఏపీసెట్ నోటిఫికేషన్ వచ్చిన వెంటనే డైట్ ప్రిన్సిపాల్‌కు కూడా ఇదే పద్ధతిలో రెండు ప్రతుల దరఖాస్తు ఇచ్చి, టీసీ ఏ తేదీకి ఇస్తారో రాయించుకోండి.